తెలుగు పాఠం తెరిస్తే హెచ్చరిక వస్తోందా? భయపడి చెరిపేయకండి, చదవకుండా ఒప్పుకోకండి



ఈ మధ్య మా సంఘంలో రెండు సంగతులు జరిగాయి. రెండూ కంప్యూటర్‌లో ఫైల్ తెరవడం గురించినవే. వాటి నుంచి నేను నేర్చుకున్నది అందరికీ పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటిది. సంఘం తరఫున పిల్లల కోసం తెలుగు పాఠాలను పెన్‌డ్రైవ్‌లలో వేసి ఇళ్లకు ఇచ్చాం. అక్షరాలు, గుణింతాలు, శతక పద్యాలు, చిన్న కథలు అందులో ఉన్నాయి. అన్నీ వెబ్ పేజీల రూపంలో తయారుచేసినవే. నెట్ లేకపోయినా ఇంట్లో తెరుచుకోవచ్చు. బొమ్మ మీద నొక్కితే పదం కనిపిస్తుంది, జవాబు తప్పైతే మళ్లీ అడుగుతుంది. నాలుగు రోజులకు ఒక అక్క ఫోన్ చేసింది. "అన్నా, మీరిచ్చిన దాంట్లో ఏమో వైరస్ ఉందంటన్నా. తెరిస్తే పైన పసుపు పట్టీ వస్తా ఉంది. మా మనవడు భయపడి అంతా చెరిపేసినాడు" అంది. ఆ ఫైళ్లలో ఏ వైరస్సూ లేదు. మంచి పాఠాలు పోయాయి.

రెండోది. మా సభ్యుల్లో ఒకాయనకు ఈమెయిల్‌లో ఒక ఫైల్ వచ్చింది. పాన్ వివరాలు సరిచేయకపోతే ఖాతా ఆగిపోతుందని రాసి ఉంది. ఫైల్ తెరిస్తే అచ్చం ఆయన బ్యాంకు పేజీ లాగానే కనిపించింది. పసుపు పట్టీ లేదు, ఎర్ర తెర లేదు, ఏ హెచ్చరికా లేదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్, తర్వాత వచ్చిన ఓటీపీ అన్నీ కొట్టాడు. సాయంత్రానికి ఖాతాలో నలభై రెండు వేలు తగ్గాయి.

హెచ్చరిక వచ్చిన చోట మంచి ఫైల్ పోయింది, రాని చోట డబ్బు పోయింది. హెచ్చరిక ఉంటే చెడ్డది, లేకుంటే మంచిది అని మనం పెట్టుకున్న లెక్కే తప్పు.

హెచ్చరిక అసలు ఏం చెబుతుంది

నేను గుమాస్తాగా చేసిన రోజుల్లో ఆఫీసుకు వచ్చే తపాలంతా ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించేవాణ్ణి. ఒక్కోసారి పంపినవారి పేరు లేకుండా, నంబరు లేకుండా కాగితం వచ్చేది. దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. అలాగని నేరుగా అధికారి సంతకానికీ పెట్టకూడదు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, లోపల ఏం అడుగుతోంది అని చూసి తేల్చాలి.

బ్రౌజర్ చేసేదీ అంతే. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటివాటిని బ్రౌజర్లు అంటాం. ఇంట్లో ఉన్న ఫైల్ తెరిచినప్పుడు బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికలో చాలావరకు "ఇది దొంగది" అన్న అర్థం ఉండదు. "ఇది ఎవరు పంపారో నాకు తెలియదు, దీని లోపల ప్రోగ్రామ్ ఉంది, నడపమంటారా?" అని మాత్రమే అడుగుతుంది. తేల్చాల్సింది మనమే.

వెబ్‌సైట్‌కు ఒక పేరు, చిరునామా ఉంటాయి. హెచ్‌టిటిపిఎస్ అని మొదలయ్యే సైట్ అయితే, ఆ పేరు గల సైట్‌తోనే మాట్లాడుతున్నామని బ్రౌజర్ ఒక సర్టిఫికెట్ చూసి తేల్చుకుంటుంది. మన కంప్యూటర్‌లో ఉన్న ఫైల్‌కు అలాంటి సర్టిఫికెట్ ఉండదు. పైన చిరునామా గడిలో "ఫైల్" అన్న మాట, తర్వాత సి డ్రైవ్, ఫోల్డర్ పేరు వరుసగా కనిపిస్తాయి. క్రోమ్‌లో ఆ మాట మీద నొక్కితే, మీరు చూస్తున్నది మీ కంప్యూటర్‌లోని ఫైల్ లేదా పంచుకున్న ఫైల్ అని చెబుతుంది. ఈ ఒక్క గడి చూడటం అలవాటైతే సగం సమస్య తీరుతుంది.

ఇంట్లో ఉన్న ఫైల్ మీద అనుమానం ఎందుకు

"మన ఇంట్లో ఉన్నదాన్ని కూడా నమ్మకపోతే ఎట్ల?" అని చాలామంది అడుగుతారు. పూర్వం బ్రౌజర్లు అలాగే నమ్మేవి. బయట వెబ్‌సైట్ కంటే కంప్యూటర్‌లో ఉన్న పేజీకి ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చేవి. మోసగాళ్లు ఆ సందు పట్టుకున్నారు. ఎలాగో ఒక పేజీని మన కంప్యూటర్‌లోకి చేరవేస్తే, అది ఇంటి మనిషిలా తిరిగేది.

అందుకే మైక్రోసాఫ్ట్ 2004లో విండోస్ ఎక్స్‌పి రెండో సర్వీస్ ప్యాక్‌తో పద్ధతి మార్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో లోకల్ పేజీలోని ప్రోగ్రామ్ భాగాలను ఆపేసి, పైన పట్టీ చూపించడం మొదలైంది. మా అక్క ఇంట్లో కనిపించిన పసుపు పట్టీ అదే. వాళ్లది పాత విండోస్ 7 కంప్యూటర్, అందులో పాత ఎక్స్‌ప్లోరరే ఉంది. మా పాఠంలో బొమ్మ నొక్కితే పదం వచ్చే చిన్న ప్రోగ్రామ్ ఉంది కాబట్టి పట్టీ వచ్చింది.

ఫైర్‌ఫాక్స్ కూడా 2019 జులైలో 68వ వెర్షన్‌తో ఇలాంటి మార్పే చేసింది. అంతకుముందు ఒక ఫోల్డర్‌లోని పేజీ అదే ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్లను చదవగలిగేది. మన డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆధార్ కాపీ, పాస్‌బుక్ స్కాన్, పట్టా, పిల్లల మార్కుల జాబితా అన్నీ అక్కడే పడి ఉంటాయి. ముక్కూ ముఖం తెలియని పేజీ ఒకటి అక్కడికి చేరి తెరుచుకుంటే, పక్కనున్న కాగితాలు చదివి బయటికి పంపే వీలుండేది. ఇప్పుడు ఒక్కో ఫైల్‌ను వేరు మనిషిలా చూస్తారు. క్రోమ్ పద్ధతి కూడా ఇదే.

ఏ హెచ్చరికకు ఏం చేయాలి

1. పాత ఎక్స్‌ప్లోరర్ పసుపు పట్టీ. ఫైల్ మీకు తెలిసినవాళ్లు చేతికిచ్చినదైతే, పట్టీ మీద నొక్కి "అలౌ బ్లాక్డ్ కంటెంట్" ఎంచుకుంటే ఆ ఒక్కసారికి నడుస్తుంది. ఆప్షన్లలోకి వెళ్లి కంప్యూటర్‌లోని అన్ని ఫైళ్లకూ శాశ్వతంగా అనుమతి ఇచ్చే గడిలో టిక్ పెట్టకండి. ఒక చుట్టం వచ్చాడని వీధి తలుపు రాత్రంతా తెరిచిపెట్టినట్టు అవుతుంది. అసలు మంచి దారి వేరే బ్రౌజర్‌లో తెరవడం. విండోస్ 10లో ఎక్స్‌ప్లోరర్‌కు సహాయాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది. ఫైల్ మీద కుడి మీట నొక్కి, "ఓపెన్ విత్"లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ ఎంచుకోండి. అదే పాఠం ఏ పట్టీ లేకుండా తెరుచుకోవచ్చు.

2. "ఈ ఫైల్ వేరే కంప్యూటర్ నుంచి వచ్చింది" అన్న మాట. నెట్ నుంచి దించుకున్న ఫైల్‌కు విండోస్ కంటికి కనిపించని ముద్ర ఒకటి వేస్తుంది. మా ఇన్‌వర్డ్ ముద్ర లాంటిదే. ఫైల్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూస్తే, కింద ఈ మాట, పక్కన "అన్‌బ్లాక్" గడి కనిపిస్తాయి. పాత పుస్తకాలు కొన్ని సీహెచ్ఎం అనే రకంలో ఉంటాయి. వాటిని దించుకుని తెరిస్తే ఎడమ పక్క విషయసూచిక వస్తుంది, కుడి పక్క పేజీ మాత్రం తెల్లగా ఉండిపోతుంది. పుస్తకం చెడిపోలేదు, ఆ ముద్ర వల్ల ఆగింది. ఎక్కడి నుంచి దించుకున్నారో ఖాయంగా తెలిస్తే అన్‌బ్లాక్ టిక్ పెట్టి, అప్లై నొక్కండి. పాఠాలు జిప్ మూటగా వస్తే, విప్పకముందే ఆ మూటకు ఈ పని చేయాలి. లేకపోతే లోపలి ఫైళ్లన్నిటికీ ముద్ర అంటుకుంటుంది.

3. దించుకునేటప్పుడే "ఈ రకం ఫైల్ హాని చేయవచ్చు" అని అడగడం. ఇక్కడ ఫైల్ చివర ఉన్న అక్షరాలు చూడాలి. పీడీఎఫ్, జేపీజీ అయితే ఒక మాట. ఈఎక్స్ఈ, ఏపీకే, హెచ్‌టీఏ అయితే మరో మాట. హెచ్‌టీఏ చూడటానికి వెబ్ పేజీ లాగే ఉంటుంది కానీ అది బ్రౌజర్ కాపలాలో ఉండదు, పూర్తి ప్రోగ్రామ్‌లా నడుస్తుంది. పాఠం చదవడానికి, పెళ్లి పత్రిక చూడటానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు. అలాంటిది వస్తే తీసేయండి. విండోస్ మామూలుగా ఈ చివరి అక్షరాలను దాచిపెడుతుంది. ఫోల్డర్ తెరిచి, వ్యూలో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఎంచుకుంటే కనిపిస్తాయి. పేరు మధ్యలో పీడీఎఫ్ అని ఉండి చివర ఈఎక్స్ఈ ఉంటే అది ఈఎక్స్ఈయే.

4. హెచ్చరిక లేదు, కానీ పాఠం తెల్లగా ఉంది. పేజీ తెరుచుకుని లోపల ఏమీ రాకపోతే రెండు కారణాలు చూడండి. పేజీని దాచుకున్నప్పుడు దాని పక్కనే అదే పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. బొమ్మలు, ప్రోగ్రామ్ అందులో ఉంటాయి. చాలామంది పేజీ ఒక్కటే కాపీ చేసి, ఫోల్డర్ వదిలేస్తారు. రెండూ కలిపి కాపీ చేయాలి. ఫోల్డర్ ఉన్నా రాకపోతే, ఆ పాఠం పక్క ఫైల్‌ను చదవబోతే బ్రౌజర్ అడ్డుకుంటోందన్నమాట. ఇలాంటప్పుడు కొందరు కుర్రాళ్లు బ్రౌజర్ భద్రతనే ఆపేసి తెరిచే చిట్కా చెబుతారు. ఆ పని చేయకండి. అలా తెరిచిన బ్రౌజర్‌లోనే తర్వాత మీరు బ్యాంకు పేజీ కూడా తెరుస్తారు. సరైన దారి, పాఠాన్ని కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్ మీద నడపడం. పైథాన్ ఉన్న కంప్యూటర్‌లో అది ఒక్క వరుస పని. అప్పుడు చిరునామా గడిలో "ఫైల్" బదులు "లోకల్‌హోస్ట్" అని వస్తుంది. మీ ఇంట్లో కంప్యూటర్ చదువుకుంటున్న పిల్లలుంటే వాళ్లకు తెలిసే ఉంటుంది.

5. పాత సీడీల్లో బొమ్మలు కదలకపోవడం. ఇరవై ఏళ్ల కిందటి తెలుగు పాఠాల సీడీల్లో చాలావాటికి ఫ్లాష్ కావాలి. అడోబీ కంపెనీ ఫ్లాష్‌ను 2020 డిసెంబరు 31తో ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి అది నడవకుండా కట్టేసింది. కాబట్టి "ఫ్లాష్ అప్‌డేట్ చేసుకోండి" అని ఇప్పుడు ఏ పేజీ అడిగినా అది మోసమే. అలాగే యూనికోడ్‌కు ముందటి తెలుగు పేజీలు తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లిష్ ముక్కలు కనిపిస్తాయి. ఆ పేజీకి కావలసిన పాత ఫాంట్ మీ దగ్గర లేదు, అంతే. దానికీ వైరస్‌కూ సంబంధం లేదు. ఆ ఫాంట్ పేరుతో ఈఎక్స్ఈ ఫైల్ ఇస్తామంటే మాత్రం తీసుకోకండి.

దాటకూడని హెచ్చరికలు

పైన చెప్పినవన్నీ అడిగి తెలుసుకుని దాటదగినవి. కొన్ని అలా కాదు. తెర మొత్తం ఎర్రగా మారి, ఈ సైట్ ప్రమాదకరమని చెబితే వెనక్కి వచ్చేయండి. అది తెలియక అడిగే ప్రశ్న కాదు. మోసపు సైట్ల జాబితాతో సరిచూసి, లేదా అలాంటి గుర్తులు కనిపించి చెబుతున్న మాట. వైరస్ పట్టే ప్రోగ్రామ్ పేరు పెట్టి మరీ ఫైల్‌ను పక్కన పెడితే దాన్ని బయటికి తీయకండి.

"మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అన్నది ఇంకొకటి. ఇది వెబ్‌సైట్ సర్టిఫికెట్ గురించి, ఇంట్లో ఫైల్ గురించి కాదు. బ్యాంకు, ప్రభుత్వ సైట్లలో ఇది వస్తే ముందుకు వెళ్లకండి. అన్ని సైట్లకూ ఒకేసారి ఇలా వస్తుంటే మాత్రం ముందు కంప్యూటర్ తేదీ చూడండి. పాత కంప్యూటర్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సరైన సర్టిఫికెట్ కూడా తప్పుగా కనిపిస్తుంది. తేదీ సరిచేస్తే హెచ్చరిక పోతుంది.

హెచ్చరిక రాని ప్రమాదం

ఇది అన్నిటికంటే ముఖ్యం. ముందు చెప్పిన ముద్రను విండోస్ తన హార్డ్ డిస్క్‌లో రాసుకుంటుంది. మనం వాడే పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువభాగం ఆ ముద్రను మోయలేవు. అంటే ఒకరు నెట్ నుంచి దించిన చెడ్డ ఫైల్, పెన్‌డ్రైవ్ దాటి మీ ఇంటికి చేరేసరికి ముద్ర చెరిగిపోయి, ఇంటి ఫైల్ లాగే కనిపిస్తుంది. జెరాక్స్ షాపులో, ఆన్‌లైన్ సెంటర్‌లో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను తెరిచే ముందు కుడి మీట నొక్కి వైరస్ స్కాన్ చేయండి. విండోస్ 10, 11లలో డిఫెండర్ ఉచితంగానే ఉంటుంది.

మా సభ్యుడికి వచ్చిన ఫైల్ సంగతి కూడా ఇదే. అందులో వైరస్ లేదు. ఒక ఫారం మాత్రమే ఉంది, కొట్టినదాన్ని మోసగాడికి పంపేది. దాన్ని చూసి బ్రౌజర్ అరవడానికి ఏమీ లేదు. పట్టుకునే గుర్తు మాత్రం కళ్ల ముందే ఉంది. చిరునామా గడిలో బ్యాంకు పేరు లేదు, "ఫైల్" అని ఉంది. ఇది గోడ మీద రాసిపెట్టుకోండి: చిరునామా "ఫైల్" అని మొదలయ్యే పేజీలో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు వెనక నంబరు, యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టకూడదు. కొన్ని స్టేట్‌మెంట్లు పుట్టిన తేదీ లాంటి పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటాయి, నిజమే. అది తాళం వేసిన కాగితాన్ని తెరవడం వరకే. ఖాతా తాళాలు అడిగితే అది దొంగ కాగితం.

ఫోన్‌లోనూ ఇదే పద్ధతి. ట్రాఫిక్ జరిమానా, పెళ్లి పిలుపు, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి, ఎందుకంటే ముందు వాళ్ల ఫోనే మోసగాడి చేతికి పోయి ఉంటుంది. "తెలియని చోటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా?" అని ఫోన్ అడిగితే వద్దు అనండి. పంపినవాళ్లకు ఫోన్ చేసి, "ఇది నువ్వే పంపినావా?" అని ఒక్క మాట అడగండి.

పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటేలోపు చెబితే ఆపే అవకాశం ఉంటుంది. మా సభ్యుడు ఇంట్లో తిడతారని రాత్రంతా ఆగి, మరుసటి రోజు చెప్పాడు. కొంతే ఆగింది.

మేం మార్చుకున్న పద్ధతి

తప్పు ఇళ్లవాళ్లదే అనలేం. ఏం వస్తుందో ముందుగా చెప్పకుండా పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాం. ఇప్పుడు మూడు మార్పులు చేశాం. చదవడానికి మాత్రమే ఉన్న పాఠాలు, పద్యాలు పీడీఎఫ్‌గా ఇస్తున్నాం. నొక్కి ఆడే పాఠాలు వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఏ బ్రౌజర్‌లో తెరవాలి, ఏ పట్టీ రావచ్చు అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి జతచేస్తున్నాం. అసలు కాపీ సంఘం దగ్గర ఒకటి, ఇంకొకరి ఇంట్లో ఒకటి ఉంచుతున్నాం. ఎవరైనా చెరిపేసినా మళ్లీ ఇవ్వవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే, 2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ వచ్చింది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం ఇప్పుడు బడిలో కాక ఇంట్లోనే దొరకాలి. ఆ పెన్‌డ్రైవ్ కొందరి ఇళ్లలో తెలుగు వాచకం స్థానంలో ఉంది. భయంతో దాన్ని చెరిపేస్తే పోయేది ఒక ఫైల్ మాత్రమే కాదు.

ఆ అక్క ఇంటికి నేనే వెళ్లి పాఠాలు మళ్లీ వేశాను. మనవడికి చిరునామా గడి చూపించి, "ఇక్కడ ఏముంది చదువప్పా" అన్నాను. "ఫైల్ అని ఉంది తాతా" అన్నాడు. "ఎవరిచ్చినారు?" అంటే "మీరే" అన్నాడు. "పాస్‌వర్డ్ ఏమైనా అడుగుతా ఉందా?" అంటే "లేదు, 'ఖ'తో మొదలయ్యే బొమ్మ అడుగుతా ఉంది" అన్నాడు. అయితే తెరువు అన్నాను.

మీ ఇంట్లోనూ ఈ మూడు ప్రశ్నలే వేసుకోండి. ఎక్కడుంది, ఎవరిచ్చారు, ఏం అడుగుతోంది. జవాబు తెలియకపోతే తెరవకండి, చెరపకండి. అలాగే ఉంచి, తెలిసినవాళ్లను అడగండి. మా సంఘానికి ఫోన్ చేసినా, శుక్రవారం సంతకు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ తెచ్చి చూపించినా చూసి చెబుతాం.

ఇట్లు,
తెలుగు సంఘం కార్యదర్శి, కుందారపల్లి